ఫార్చ్యూనర్ లెక్క

మన రెండు రాష్ట్రాల్లో ఏ ఊళ్లోనైనా సరే, పెద్ద పెళ్లి జరుగుతున్న ఫంక్షన్ హాల్ ముందు ఐదు నిమిషాలు నిలబడండి. తెల్ల ఫార్చ్యూనర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. తర్వాత అదే సైజులో, దాదాపు అవే పనులు చేసే వేరే కంపెనీల బండ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. రెండో లెక్క తొందరగా అయిపోతుంది.

దగ్గరలో తయారైంది కాబట్టి కొంటారా అంటే అదీ లేదు. ఫార్చ్యూనర్‌కి పోటీగా వచ్చిన ఇసుజు ఎంయూ-ఎక్స్ మన శ్రీసిటీలోనే తయారవుతుంది. ఫార్చ్యూనర్ వచ్చేది బెంగళూరు పక్కన ఉన్న బిడది నుంచి. అయినా ఎంయూ-ఎక్స్ రోడ్డు మీద ఎక్కడో ఒకటి కనిపిస్తే తిరిగి చూస్తాం.

ఈ విషయం మీద నేను కూర్చుని ఆలోచించడానికి కారణం మా మావయ్య. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. ఈ ఏడాది పంట కలిసొచ్చింది. ఫార్చ్యూనర్ ఫోర్ బై ఫోర్ కొంటానంటున్నాడు. అత్తయ్య మాత్రం దాదాపు ఇరవై లక్షలు తక్కువకి స్కార్పియో-ఎన్ ఫోర్ బై ఫోర్ వస్తుంటే ఇదెందుకు అంటుంది. ఇద్దరూ కలిసి "నువ్వు కంప్యూటర్స్ కదా, లెక్క వేసి చెప్పరా" అని నా మీద పెట్టారు. ఆ లెక్కే ఈ వ్యాసం.

నాలుగు చక్రాలూ తిరిగితే ఏమవుతుంది?

మామూలు కారులో ఇంజిన్ శక్తి రెండు చక్రాలకే వెళ్తుంది. ఆ రెండింటి మధ్య డిఫరెన్షియల్ అనే గేర్ల పెట్టె ఉంటుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి కాబట్టి అది అవసరం. కానీ దాంతో ఒక చిక్కుంది. ఒక చక్రం బురదలో జారితే అదే గిరగిరా తిరుగుతుంది, గట్టి నేల మీదున్న చక్రం కదలకుండా ఉండిపోతుంది. వర్షాకాలంలో నల్లరేగడి గట్టు మీద బండి దిగబడటం అంటే ఇదే.

ఫోర్ బై ఫోర్‌లో ట్రాన్స్‌ఫర్ కేస్ అనే భాగం శక్తిని ముందు చక్రాలకు కూడా పంచుతుంది. ఫార్చ్యూనర్‌లో దీనికి ఒక నాబ్ ఉంటుంది. మామూలు రోడ్డుకి రెండు చక్రాలు, జారే నేలకి నాలుగు చక్రాలు, మరీ కష్టమైన చోట లో రేంజ్. లో రేంజ్‌లో బండి నెమ్మదిగా వెళ్తుంది, కానీ చక్రానికి అందే బలం రెట్టింపు పైనే ఉంటుంది.

ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఫోర్ బై ఫోర్ బండిని కదిలిస్తుంది, ఆపదు. బ్రేక్ ఏ బండికైనా నాలుగు చక్రాలకూ ఉంటుంది. తడి రోడ్డు మీద ఎంత దూరంలో ఆగుతామనేది టైర్లు, స్పీడ్, బండి బరువు మీద ఆధారపడుతుంది.

ఇక్కడివరకు చూస్తే స్కార్పియో-ఎన్‌కి వచ్చిన లోటేమీ లేదు. దానికీ లారీలకు ఉండేలాంటి ల్యాడర్ ఫ్రేమ్ ఉంది, డీజిల్ ఫోర్ బై ఫోర్‌లో లో రేంజ్ ఉంది, గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో 5 స్టార్లు ఉన్నాయి. ఫార్చ్యూనర్ 2.8 లీటర్ల ఇంజిన్ ఇంకా బలమైనదే. కానీ చెరువు గట్టు మీద ఆ తేడా ఇరవై లక్షలంత ఉండదు. మరి ఆ ఇరవై లక్షలు దేనికి?

పేరు ఎక్కడి నుంచి వచ్చింది?

టయోటా 1951లో బీజే అనే జీపు లాంటి బండి తయారుచేసింది. 1954 నుంచి దానికి ల్యాండ్ క్రూజర్ అనే పేరొచ్చింది. ఆస్ట్రేలియాలో అప్పటికే బ్రిటన్ నుంచి వచ్చిన ల్యాండ్ రోవర్లు పాతుకుపోయి ఉన్నాయి. స్నోయీ పర్వతాల్లో కడుతున్న భారీ జలవిద్యుత్ ప్రాజెక్టు పనుల్లో ల్యాండ్ క్రూజర్లు దిగాక పరిస్థితి మారడం మొదలైంది. అక్కడ మారుమూల ఎడారి దారుల్లో బండి ఆగిపోతే పక్క ఊరు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. చేతిలో నీళ్లు అయిపోతే ప్రాణం మీదికొస్తుంది. అలాంటి చోట "చెడిపోదు, చెడినా పార్ట్ దొరుకుతుంది" అన్న నమ్మకానికి ఎంత ఎక్కువ ఇచ్చినా తక్కువే.

ఫార్చ్యూనర్ ల్యాండ్ క్రూజర్ కాదు. హైలక్స్ పికప్ పునాది మీద కట్టిన బండి. 2009లో మన దేశానికి వచ్చింది. కానీ వచ్చేటప్పుడే ఆ పేరుని వెంట తెచ్చుకుంది. మనకి ఎడారి లేదు, రెండు గంటల దూరంలో మెకానిక్ ఉంటాడు. ఐనా అక్కడ పుట్టిన నమ్మకానికి ఇక్కడ డబ్బు కడుతున్నాం.

ఆ పేరుకి దెబ్బలు తగల్లేదని కాదు. 2024 జనవరిలో టయోటా గ్రూపుకే చెందిన ఒక సంస్థ డీజిల్ ఇంజిన్ల పవర్ టెస్టుల్లో అవకతవకలు చేసిందని బయటపడింది. ఇక్కడ కూడా ఫార్చ్యూనర్ డిస్పాచ్ కొన్ని రోజులు ఆపారు. మళ్లీ మొదలవగానే జనం కొన్నారు. డెబ్బై ఏళ్ల పేరు అంత తొందరగా కరగదు.

సెకండ్ హ్యాండ్ బజారు

1970లో జార్జ్ ఎకర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల మార్కెట్ మీద ఒక పేపర్ రాశాడు. బండి లోపల ఏముందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు. అందుకని కొనేవాడు భయంతో అన్ని పాత బండ్లకీ రేటు తగ్గించి అడుగుతాడు. ఆ పనికి 2001లో ఆయనకి నోబెల్ వచ్చింది.

ఫార్చ్యూనర్ విషయంలో ఆ భయం తక్కువ. లక్ష కిలోమీటర్లు తిరిగినా ఇంకా నడుస్తుందని అందరూ అనుకుంటారు. అందరూ అనుకుంటారు కాబట్టి రేటు పడదు. రేటు పడదు కాబట్టి కొత్తది కొనడానికి ఇంకొకరు ధైర్యం చేస్తారు. మన బ్రాంచిలో అందరూ ఒకే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ నేర్చుకోవడం లాంటిదే. ఎక్కువమంది వాడితే డౌట్ వచ్చినప్పుడు జవాబు దొరుకుతుంది, జవాబు దొరుకుతుందని ఇంకా ఎక్కువమంది వాడతారు.

పోటీ బండ్లకి జరిగింది దీనికి రివర్స్. ఫోర్డ్ ఎండీవర్‌ని ఇష్టపడేవాళ్లు చాలామందే ఉండేవాళ్లు. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు చెప్పింది. మహీంద్రా ఆల్టురస్ కూడా కొన్నేళ్లకే ఆగిపోయింది. బండి మంచిదే కావచ్చు, కానీ కంపెనీ ఉంటుందా, మోడల్ ఉంటుందా అన్న అనుమానం ధరలో కలుస్తుంది.

ఇప్పుడు లెక్క

మూడు బండ్లు అనుకుందాం. ధరలూ, శాతాలూ నేను లెక్క కోసం అనుకున్నవే. మీ ఊరి రేట్లు పెట్టి మీరూ చేసుకోవచ్చు. మొదటిది 45 లక్షలు, ఎనిమిదేళ్ల తర్వాత 55 శాతం రేటు వస్తుంది. రెండోది 40 లక్షలు, 35 శాతం వస్తుంది. మూడోది 25 లక్షలు, 40 శాతం వస్తుంది. మిగిలిన డబ్బుని 7 శాతం వడ్డీకి ఎఫ్‌డీలో వేద్దాం.

మొదటి బండి కొన్నవాడి దగ్గర చివరికి 24.75 లక్షలు ఉంటాయి. రెండో బండికి వచ్చేది 14 లక్షలు. మిగిలిన 5 లక్షలు వడ్డీతో దాదాపు 8.6 లక్షలవుతాయి. మొత్తం 22.6. అంటే ధరలో కొంచెమే తేడా ఉన్నప్పుడు ఖరీదైన బండే గెలిచింది. రీసేల్ వాదన ఇక్కడ నిజం.

మూడో బండికి వచ్చేది 10 లక్షలే. కానీ మిగిలిన 20 లక్షలు ఎనిమిదేళ్లలో 34.4 లక్షలవుతాయి. మొత్తం 44.4. ఫార్చ్యూనర్‌ని ఎనిమిదేళ్ల తర్వాత కొన్న రేటులో 98 శాతానికి అమ్మినా ఇది దాటదు! "రీసేల్ ఉంది కదా, డబ్బు ఎక్కడికీ పోదు" అనే మాటలో వడ్డీ ఎప్పుడూ కనపడదు. అప్పు చేసి కొంటే కట్టే వడ్డీ ఇంకా ఎక్కువ కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది. ఇన్సూరెన్సు కూడా బండి ధరను బట్టే ఉంటుంది, అది నేను కలపలేదు.

లెక్కలోకి రానివి

ఇది చూపిస్తే మావయ్య నవ్వాడు. "ఆ ఇరవై లక్షలు నా దగ్గర ఎఫ్‌డీలో కూర్చుంటాయనుకున్నావా? ఇంకో నాలుగెకరాలు లీజుకి తీసుకుంటాను. వైట్ స్పాట్ వచ్చిందంటే రెండ్రోజుల్లో చెరువు ఖాళీ. బండైతే ఇంటి ముందుంటుంది. అవసరమొస్తే వారంలో డబ్బైపోతుంది" అన్నాడు.

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆయన బండి కొనడం లేదు, తన చేతి నుంచి డబ్బుని దాచుకుంటున్నాడు. పూర్వం బంగారం కొన్నట్టు.

రెండో మాట ఇంకా ముఖ్యం. రొయ్యల మేత చాలావరకు అప్పు మీదే నడుస్తుంది. పంట పట్టాక లెక్క తేలుస్తారు. మేత డీలర్ మావయ్య బ్యాంకు పుస్తకం చూడడు. బండి చూస్తాడు, ఇల్లు చూస్తాడు. ఎకర్లాఫ్‌తో కలిసి నోబెల్ తీసుకున్న మైకేల్ స్పెన్స్ చెప్పింది ఇదే. లోపల ఉన్నది కనిపించనప్పుడు, అందరూ భరించలేని ఖర్చు పెట్టి చూపించడమే సంకేతం. చౌకగా దొరికితే అది సంకేతంగా పనికిరాదు. మన నాయకుల కాన్వాయ్‌లలో ఈ బండి ఎందుకంత కనపడుతుందో కూడా దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. ఎక్కువ ధర ఇక్కడ లోపం కాదు, అదే ఫీచర్.

కానీ సంకేతానికి ఒక ప్రమాదం ఉంది. కాంట్రాక్టరూ, డీలరూ, పక్క చెరువు రైతూ అందరూ అదే బండిలో దిగితే అది కొత్తగా ఏమీ చెప్పదు. లేనివాడిని మాత్రం లేనివాడని చెప్తుంది. అప్పుడు గౌరవం పెంచుకోవడానికి కాదు, తగ్గకుండా ఉండటానికి కొనాల్సొస్తుంది. అప్పు చేసి కొనేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటారనిపిస్తుంది నాకు.

చివరికి మావయ్యకి మూడు ముక్కలు రాసిచ్చాను. గట్ల మీద తిరగడానికైతే స్కార్పియో, మంచి టైర్లు చాలు. నలభై లక్షల బండ్లలోనే ఏదో ఒకటి కొనాలనుకుంటే ఫార్చ్యూనరే సరైనది. డీలర్ దగ్గర మాట చెల్లడం కోసమైతే, ఆ మాట వల్ల ఏడాదికి ఎంత అప్పు, ఎంత తక్కువ రేటుకి దొరుకుతుందో అంకె వేసుకుని కొనాలి. అంకె రాకపోతే ఆ లాభం లేనట్టే. అత్తయ్య దాని కింద పెన్నుతో ఇంకో లైను రాసింది: "పంట డబ్బుతో కొంటే మీ ఇష్టం, ఫైనాన్స్ మీద మాత్రం వద్దు."

ఇంకో రెండు మూడేళ్లలో మనలో చాలామందికి ప్లేస్‌మెంట్ వస్తుంది, చేతిలో మొదటి ఆఫర్ లెటర్ ఉండగానే షోరూమ్ వాళ్లు ఈఎంఐ లెక్క చూపిస్తారు. బండి పేరు వేరుగా ఉంటుంది. కాలిక్యులేటర్‌లో వడ్డీ గడి నింపి చూడండి, తర్వాత టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లండి.