జంషెడ్‌పూర్ నుంచి ఒక్క రోజులో: దల్మా నిజంగా అగ్నిపర్వతమేనా? రోమ్ బంగారం ఈ అడవుల్లోకి ఎలా వచ్చింది?

ఇటలీలోని నేపుల్స్‌కు వెళ్లే పర్యటకులకు అక్కడి ట్రావెల్ ఏజెన్సీలు అమ్మే ప్యాకేజీ ఒకటుంది. ఉదయం పాంపీ శిథిలాలు, మధ్యాహ్నం భోజనం, ఆ తర్వాత వెసూవియస్ అగ్నిపర్వతం అంచు దాకా నడక. సాయంత్రానికి మళ్లీ హోటల్‌కు. క్రీ.శ. 79లో ఆ కొండే ఆ ఊరిని బూడిద కింద పూడ్చేసింది కాబట్టి కథ చెప్పడానికి గైడ్ పెద్దగా కష్టపడక్కర్లేదు. నేరం చేసిన కొండ, బలైన ఊరు రెండూ కళ్లెదుటే ఉంటాయి.

జంషెడ్‌పూర్ వాళ్లకు అలాంటి రోజు కోసం ఇటలీ దాకా పోవాల్సిన పని లేదు. ఉదయం లావా, మధ్యాహ్నం పాత రాగి గనుల శిథిలాలు, మధ్యలో రోమ్ ప్రస్తావన కూడా దొరుకుతుంది. అయితే ఇక్కడి కథ పాంపీ కథ అంత సూటిగా ఉండదు. గైడ్ సరిగా చెప్పకపోతే కనిపించేది ఒక మామూలు కొండ, కొన్ని నల్లరాళ్ల కుప్పలు, అంతే.

శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో వచ్చే బంధువులను ఇక్కడి తెలుగు కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా జూబ్లీ పార్కుకు, డిమ్నా చెరువుకు తీసుకెళ్తూనే ఉన్నాయి. ఆ చెరువు గట్టున నిలబడితే ఎదురుగా కనిపించేదే దల్మా.

దల్మా: సగం నిజం

దల్మా ఎత్తు సుమారు 3,000 అడుగులు. 1976 నుంచి అభయారణ్యం. ఏనుగులకు పేరు. వేసవిలో నీటి కోసం ఇక్కడే ఉండే ఏనుగుల మందలు వరి పండే కాలానికి పశ్చిమ బెంగాల్ వైపు వెళ్తుంటాయి. మాకులాకోచా గేటు దగ్గర అటవీ శాఖ అనుమతి తీసుకుని, జీపులోనో కాలినడకనో పైకి వెళ్తారు. శిఖరం దగ్గర శివాలయం ఉంది.

‘దల్మా ఒకప్పటి అగ్నిపర్వతం’ అనే మాట ఈ దారిలో వినిపిస్తుంటుంది. ఇందులో సగమే నిజం.

నిజమైన సగం ఏమిటంటే, కొండ పైభాగంలోని రాయి లావాయే. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ పట్టీని ‘దల్మా వాల్కానిక్స్’ అనే పేరుతోనే పిలుస్తారు. తూర్పు పడమరలుగా వంపు తిరిగి పోయే ఈ పట్టీలో కొన్నిచోట్ల లావా తలగడలు పేర్చినట్టు గుండ్రటి ముద్దలుగా కనిపిస్తుంది. కరిగిన రాయి నీళ్లలోకి వచ్చి, పైపొర ఒక్కసారిగా గట్టిపడితేనే ఆ ఆకారం వస్తుంది. అంటే ఇప్పుడు ఏనుగులు తిరిగే ఈ రాయి ఒకప్పుడు నీటి అడుగున పారిందన్నమాట.

నిజం కాని సగం ఆకారానికి సంబంధించినది. శిఖరం మీద బిలం ఉంటుందని వెతికేవాళ్లకు నిరాశే మిగులుతుంది. వెసూవియస్ లాగా లావా, బూడిద పోగుపడి లేచిన కొండ కాదు దల్మా. లావా పరుచుకున్న తర్వాత భూమి ఒత్తిడికి ఆ పొరలన్నీ ముడతలు పడ్డాయి, దొన్నెలాగా వంగాయి, వేడికి రూపం మార్చుకున్నాయి. రాయిలోని ఆ పచ్చని ఛాయ అలా వచ్చిందే. తర్వాత కోట్ల ఏళ్ల పాటు వానకూ గాలికీ చుట్టూ ఉన్న మెత్తటి రాళ్లు అరిగిపోయాయి. గట్టి లావా మాత్రం అరగక నిలిచింది. దల్మా పైకి పెరిగిన కొండ కాదు, చుట్టుపక్కల నేల కిందికి దిగిపోతే మిగిలిన కొండ.

వయసు సంగతి తెలుగువాళ్లకు మరోలా చెబితే సులువుగా అర్థమవుతుంది. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి క్వారీల నల్లరాయి కూడా లావాయే. దాని వయసు సుమారు ఆరున్నర కోట్ల ఏళ్లు, డైనోసార్లు అంతరించిన కాలం. దల్మా లావా 150 కోట్ల ఏళ్లకు పైబడినదని అంచనా. అది పారినప్పుడు భూమ్మీద చెట్టు లేదు, గడ్డి లేదు, చేప కూడా లేదు. మళ్లీ పేలుతుందేమోనన్న భయం అక్కర్లేదు. మన దేశంలో నిప్పు కక్కే కొండ కావాలంటే అండమాన్‌లోని బారెన్ ఐలాండ్ ఒక్కటే.

రాఖా: శిథిలాలంటే ఇక్కడ ఏమిటి?

మధ్యాహ్నం ప్రయాణం ఆగ్నేయంగా, ఘాట్‌శిల వైపు. టాటానగర్ నుంచి ఖరగ్‌పూర్ వెళ్లే రైలు మార్గంలో ‘రాఖా మైన్స్’ పేరుతో స్టేషనే ఉంది. ఇక్కడి నుంచి రువామ్, మోసాబనీ మీదుగా సాగే కొండల వరస అంతా రాగి పట్టీ. భూమి పొరలు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటూ జరిగిన పొడవైన చీలిక ఇది. ఆ చీలికల్లోంచి వేడి ద్రవాలు మోసుకొచ్చిన రాగి, యురేనియం రాళ్లలో చేరాయి. జాదూగూడ యురేనియం గని కూడా ఈ పట్టీలోదే.

పాంపీలో లాగా గోడలు, వీధులు, రంగుల చిత్రాలు ఇక్కడ ఆశించకూడదు. ఉన్నవి పాత గుంటలు, కందకాలు, చిట్టెం కుప్పలు. ఖనిజాన్ని కొలిమిలో కరిగించి రాగి తీశాక మిగిలే నల్లటి గట్టి మడ్డే చిట్టెం. చేతిలోకి తీసుకుంటే కాస్త గాజులా మెరుస్తుంది. చూడ్డానికి పనికిమాలిన రాయే గానీ, ఇక్కడ ఎవరో బొగ్గు కాల్చి, తిత్తులు ఊది, రాగి తీశారనడానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు.

కెప్టెన్ హాటన్ అనే బ్రిటిష్ అధికారి 1854లోనే సింగ్‌భూమ్ ఖనిజాల గురించి రాశారు. భూగర్భ శాస్త్రవేత్త వాలెంటైన్ బాల్ 1869లో ఈ పాత గనుల మీదే ప్రత్యేకంగా ఒక వ్యాసం ప్రచురించారు. తవ్వినవాళ్లు సరాక్‌లనే జైన గృహస్థులై ఉంటారని బాల్ భావించారు. అది ప్రధానంగా స్థానికంగా విన్న మాటల మీద కట్టిన ఊహ. దాన్ని తేలిన సత్యంలా చెప్పే గైడ్‌ను మరో ప్రశ్న అడగడం మంచిది.

కాలం గురించి గట్టి ఆధారం మాత్రం నాణేలే. రాఖా కొండల దగ్గర గత శతాబ్దం తొలినాళ్లలో ‘పూరీ కుషాణ’ రకం రాగి నాణేల నిధి బయటపడింది. కుషాణుల నాణేలను అనుకరిస్తూ ఒడిశా, దక్షిణ జార్ఖండ్ ప్రాంతాల్లో పోతపోసిన నాణేలవి. వీటిని సాధారణంగా క్రీ.శ. మూడో శతాబ్దం నుంచి తర్వాతి కొన్ని శతాబ్దాల మధ్య పెడతారు.

రోమ్ ఎక్కడి నుంచి వచ్చింది?

రాఖా నుంచి ఇంకా దక్షిణాన, ఒడిశా సరిహద్దు దాటితే మయూర్‌భంజ్ జిల్లాలోని బామన్‌ఘాటీ ప్రాంతం. రాయ్‌రంగ్‌పూర్ దీని ముఖ్యపట్టణం. రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ఊరు కాబట్టి ఈమధ్య ఆ పేరు అందరికీ తెలిసింది. గోర్డియన్, కాన్‌స్టంటైన్ తదితర రోమన్ చక్రవర్తుల బంగారు నాణేలు ఇక్కడ దొరికాయని బ్రిటిష్ కాలపు రికార్డులు చెబుతున్నాయి. గోర్డియన్‌ది మూడో శతాబ్దం, కాన్‌స్టంటైన్‌ది నాలుగో శతాబ్దం. పూరీ కుషాణ నాణేలు మొదలయ్యే కాలమూ దాదాపు అదే.

అమరావతి, నాగార్జునకొండ, నల్గొండ జిల్లా అక్కన్‌పల్లి లాంటి చోట్ల దొరికిన రోమన్ నాణేల గురించి విన్న తెలుగువాళ్లకు ఇది మరీ వింతగా ఉండదు. కానీ అవి కృష్ణా లోయ, రేవులకు దారులున్న సీమ. బామన్‌ఘాటీ అడవి సీమ. బెంగాల్ తీరంలోని తామ్రలిప్తి రేవు నుంచి లోపలికి వచ్చే దారి ఇటుగా పోయేదని, ఆ దారిన రాగి కిందికి, బంగారం పైకి నడిచాయని ఒక వాదన ఉంది. తామ్రలిప్తి పేరులోనే ‘తామ్రం’ ఉంది కదా అంటారు. పేరును బట్టి చరిత్ర రాయడం ప్రమాదమే. నాణేలు మాత్రం నాణేలే.

ఇక్కడే ప్లినీ గుర్తుకొస్తాడు. భారతదేశంలో రాగి, సీసం లేవని, రత్నాలు, ముత్యాలు ఇచ్చి వాటిని కొనుక్కుంటారని తన ప్రకృతి చరిత్ర గ్రంథంలో రాసిన రోమన్ పండితుడు అతడు. పశ్చిమ తీరపు రేవుల్లో రాగి దిగుమతి అయ్యేదన్నది వాస్తవమే కాబట్టి వర్తకుల మాట విని అలా రాసి ఉంటాడు. తూర్పున సింగ్‌భూమ్ కొండల్లో ఏముందో అతనికి తెలిసే దారి లేదు. అదే ప్లినీ 79లో వెసూవియస్ పేలినప్పుడు, దగ్గర నుంచి చూసి జనాన్ని కాపాడాలని ఓడలు తీసుకెళ్లి, ఆ తీరంలోనే చనిపోయాడు.

బామన్‌ఘాటీకి ఇంకో పేరూ ఉంది జంషెడ్‌పూర్ చరిత్రలో. 1904లో భూగర్భ శాస్త్రవేత్త పి.ఎన్.బోస్ టాటాలకు చూపించిన గోరుమహిషాని ఇనుప గని ఈ ప్రాంతంలోదే. ఆ ఖనిజం లేకపోతే సాక్చీ దగ్గర ఉక్కు కర్మాగారం లేదు, ఈ నగరమూ లేదు, ఆ ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగువాళ్లూ లేరు.

మళ్లీ తవ్వితే?

పాత గుంటలు ఉన్న చోటే కొత్త గనులూ వెలిశాయి. అది యాదృచ్ఛికం కాదు. రాగి ఎక్కడుందో కొత్తవాళ్లకు చూపింది పాతవాళ్ల గుంటలే. 1924లో ఏర్పడిన ఇండియన్ కాపర్ కార్పొరేషన్ మోసాబనీలో తవ్వి, ఘాట్‌శిల పక్కన మౌభండార్‌లో కరిగించేది. 1972లో అది జాతీయమై హిందుస్థాన్ కాపర్ చేతికి వచ్చింది. రాఖా గని 2001లో మూతపడింది. ఇప్పుడు రాగికి గిరాకీ పెరగడంతో దాన్ని మళ్లీ తెరిచే పని నడుస్తోంది.

గని తెరిస్తే మోసాబనీ, జాదూగూడ చుట్టుపక్కల ఊళ్లకు ఉద్యోగాలు వస్తాయి. గనులు మూతపడ్డ తర్వాత అక్కడివాళ్లు ఎదురుచూస్తున్నదీ దానికోసమే. చిట్టెం కుప్పల కోసం ఆ పని ఆపమనడం ఎవరికీ సబబుగా తోచదు. కానీ ఏ కుప్ప ఎక్కడుంది, ఏ కందకం ఎంత లోతు, ఏ చిట్టెంలో ఏముందన్నది యంత్రాలు దిగకముందే నమోదు చేయడానికి గని ఆపాల్సిన అవసరం లేదు. పాంపీని బూడిద కాపాడింది. రాఖా కొండల్లోని ఆ నల్లరాళ్లు మాత్రం ఆరుబయటే ఉన్నాయి.

దారిలో పొద్దు మిగిలితే ఘాట్‌శిలలో రచయిత బిభూతిభూషణ్ బందోపాధ్యాయ్ ఇల్లు చూసి, అక్కడి నుంచే సాయంత్రం రైలెక్కి టాటానగర్‌కు తిరిగి రావచ్చు.