పుర్రచేతి వాళ్లకు తుపాకీ కిట్ దొరకడం ఎందుకింత కష్టం? అమెరికా హాబీ వెనుక ఆసక్తికర విషయాలు!

ఎడమచేతి వాటం ఉన్నవాళ్లకు కత్తెరతో ఇబ్బందే. కాలేజీలో రైటింగ్ ప్యాడ్ ఉన్న కుర్చీతోనూ ఇబ్బందే. అయినా ఎలాగోలా సర్దుకుపోతారు. కానీ ముఖానికి నాలుగైదు అంగుళాల దూరంలో భగ్గుమని మంట లేచే వస్తువుతో సర్దుకుపోవడం కుదురుతుందా? అమెరికాలో పాతకాలపు తుపాకులను సొంతంగా తయారు చేసుకునే హాబీ ఉన్న పుర్రచేతి వాళ్ల సమస్య సరిగ్గా ఇదే. అసలు ఈ కిట్లు ఏంటి? ఎడమచేతి కిట్ ఎందుకు అంత అరుదు? దొరకాలంటే ఎక్కడ వెతకాలి? చూద్దాం..

ముందుగా కిట్ అంటే ఏంటో చెప్పుకుందాం. మన పల్లెల్లో బర్మారు తుపాకీ అంటారు కదా, గొట్టం ముందు నుంచి మందు కూరి, గుండు దింపి, కడ్డీతో గట్టిగా నొక్కే రకం. ఇంగ్లిష్‌లో దాన్నే మజిల్‌లోడర్ అంటారు. 18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ జర్మన్ పనివాళ్లు చేసిన పొడవాటి లాంగ్‌రైఫిళ్లు, ఆ తర్వాత సెయింట్ లూయిస్‌లో హాకెన్ సోదరులు చేసిన బరువైన రైఫిళ్లు అక్కడి చరిత్రలో భాగం. వాటి నమూనాలనే ఇప్పుడు విడి భాగాలుగా అమ్ముతున్నారు. బారెల్, లాక్, ట్రిగ్గర్, సగం చెక్కిన కలప, ఇత్తడి ముక్కలు అన్నీ వస్తాయి. కొన్నవాళ్లు నెలల తరబడి కూర్చుని చెక్క అరగదీసి, రంగు వేసి, ముక్కలు బిగించుకుంటారు. రిటైరైన వాళ్లకు ఇదో పెద్ద కాలక్షేపం.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ఇది అమెరికా ముచ్చట. అక్కడ 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం ఇలాంటి పాత పద్ధతి తుపాకుల్లో చాలావాటిని పురాతన ఆయుధాల కింద లెక్కేసి మినహాయింపు ఇచ్చింది. అయినా రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో అవి ఇంకా కఠినం. ఇక ఇండియాలో అయితే 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకీ తయారు చేసినా, దగ్గర పెట్టుకున్నా నేరమే. బర్మారుకు కూడా మినహాయింపు లేదు. అమెరికాలో ఉన్న బావగారు పార్శిల్ పంపిస్తానన్నా సరే, వద్దనే చెప్పండి.

అసలు సమస్య ఎక్కడుంది?

తుపాకీ పక్కన ఉండే ఇనుప యంత్రాన్ని లాక్ అంటారు. చెకుముకి రాయితో పేలే ఫ్లింట్‌లాక్‌లో ఈ లాక్ మీద రాయి పట్టుకున్న సుత్తి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఆ రాయి ఉక్కు పలకను గీసుకుంటూ వెళ్తుంది. రవ్వలు రాలతాయి. కింద చిన్న గిన్నెలో ఉన్న మందు భగ్గుమంటుంది. ఆ మంట బారెల్ పక్కన ఉన్న సన్నని రంధ్రం గుండా లోపలికి పాకి అసలు మందును అంటిస్తుంది. అప్పుడు గుండు బయటికి వెళ్తుంది. ఇదంతా క్షణంలో వెయ్యోవంతుల లెక్క అయినా, సరిగ్గా బిగించని లాక్‌లో ముందు 'ఫట్', తర్వాత 'ఢాం' అని రెండు చప్పుళ్లు స్పష్టంగా వినిపిస్తాయి.

మామూలు తుపాకీలో ఈ లాక్ కుడివైపు ఉంటుంది. కుడిచేతి వాటం మనిషి కుడి భుజానికి ఆనించి, చెంపను చెక్కకు ఎడమవైపు పెడతాడు. మంట అటు, ముఖం ఇటు. మధ్యలో తుపాకీ అడ్డం. అదే పుర్రచేతి మనిషి ఎడమ భుజానికి ఆనిస్తే చెంప కుడివైపుకి వస్తుంది. అంటే మంట లేచే వైపే ముఖం! పైగా ముందు పట్టుకునే చేయి కూడా కుడిదే కాబట్టి, పక్క రంధ్రంలోంచి చిమ్మే వేడి గ్యాస్ ఆ చేతి వైపే వస్తుంది. కళ్లద్దాలు పెట్టుకుని కాల్చేవాళ్లు లేకపోలేదు. కానీ కంటి ముందు మెరుపు మెరిస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు. గుండు బయటికి వెళ్లేలోపే చేయి కదిలిపోతుంది, గురి తప్పుతుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు 'నాకు గురి రాదు' అని హాబీనే వదిలేస్తుంటారు. తప్పు వాళ్లది కాదు, లాక్ ఉన్న వైపుది.

మరి లాక్‌ను తీసి ఎడమవైపు బిగిస్తే సరిపోదా? సరిపోదు. కుడికాలి చెప్పు ఎడమకాలికి వేసుకున్నట్టే ఉంటుంది. ఇటు తిప్పి పెడితే సుత్తి వెనక్కి చూస్తుంది. ఎడమ లాక్ అంటే అద్దంలో కనిపించే బొమ్మలా ప్రతి ముక్కా తిరగేసి పోత పోయాల్సిందే. పలక, సుత్తి, గిన్నె, లోపలి మీటలు.. అన్నింటికీ వేరే అచ్చులు కావాలి. జనాభాలో ఎడమచేతి వాటం వాళ్లు సుమారు 10 శాతం. ఇప్పటికే చిన్నదైన ఈ మార్కెట్‌లో ఆ పదో వంతు కోసం కొత్త అచ్చులు చేయించాలంటే తయారీదారు వెనకాడతాడు. చెక్క సంగతి కాస్త నయం. కంప్యూటర్ మెషీన్‌లో ప్రోగ్రామ్ తిప్పి రాస్తే ఎడమ చెక్క వస్తుంది. లాక్ దగ్గరే ఆగిపోతోంది వ్యవహారం.

తమాషా ఏంటంటే, ఎడమ లాక్ కొత్త వస్తువేం కాదు. పాతకాలపు రెండు గొట్టాల తుపాకులకు ఒకటి కుడి, ఒకటి ఎడమ, రెండు లాక్‌లూ ఉండేవి. అంటే 200 ఏళ్ల కిందటి పనివాళ్లకు ఎడమ లాక్ చేయడం బాగానే తెలుసు. ఎడమచేతి వాళ్ల కోసం మాత్రం చేసింది తక్కువ.

దొరికే దారులు ఏంటి?

తక్కువ ధరలో, కొన్ని వందల డాలర్లకు వచ్చే డబ్బా కిట్లలో ఎడమచేతివి చాలా అరుదు. ఫ్యాక్టరీలు ఎడమచేతి మోడళ్లు అసలు చేయలేదని కాదు. లైమన్ కంపెనీ గ్రేట్ ప్లెయిన్స్ రైఫిల్, థాంప్సన్ సెంటర్ హాకెన్ ఎడమచేతి రకాల్లో వచ్చాయి. అయితే ఇలాంటివి ఇప్పుడు ఎక్కువగా సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కోవాల్సినవే.

నిజంగా పనికొచ్చే దారి వేరే ఉంది. 'కిట్' అనే మాట కాసేపు మర్చిపోయి 'విడి భాగాల సెట్' అని వెతకాలి. ఎందుకంటే తుపాకీలో అన్ని ముక్కలకూ కుడి ఎడమ తేడా ఉండదు. ఎనిమిది పలకల బారెల్‌కు పక్క రంధ్రం వేయనంత వరకు అది ఎటైనా పనికొస్తుంది. ట్రిగ్గర్, దాని చుట్టూ ఉండే కమాను, లోడింగ్ కడ్డీ, గురి చూసే ముక్కలు దాదాపు అన్నీ కామన్. తేడా వచ్చేది ప్రధానంగా రెండింటిలో.. లాక్, చెక్క. లాక్‌కు ఎదురు వైపు బిగించే సైడ్‌ప్లేట్ కూడా తిరగేసిందే కావాలి. చెంప ఆనించే ఉబ్బు, దానికి అవతలి వైపు ఉండే చిన్న పెట్టె కూడా చోటు మారతాయి.

జిమ్ చాంబర్స్ సంస్థ పేరున్న సైలర్ లాక్‌ను ఎడమచేతికీ చేసింది. ఎల్ అండ్ ఆర్ అనే లాక్ తయారీ సంస్థ జాబితాలోనూ ఎడమ లాక్‌లు ఉన్నాయి. పెకటోనికా రివర్ సంస్థ సగం చెక్కిన కలపను ఎడమ లాక్‌కు సరిపడేలా ఇచ్చింది. టెన్నెసీ వ్యాలీ మజిల్‌లోడింగ్ లాంటి చిన్న వర్క్‌షాపులు ఆర్డర్ మీద ఎడమచేతి కిట్లు చేశాయి. అందుబాటు మాత్రం ఎప్పుడూ ఒకేలా ఉండదు. చిన్న సంస్థలు కాబట్టి ఒక బ్యాచ్ అయిపోతే మళ్లీ పోత పోసేదాకా ఆగాల్సిందే. ధర కూడా వెయ్యి డాలర్లు సులువుగా దాటుతుంది.

డబ్బు కట్టే ముందు ఇవి అడగాల్సిందే!

చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. ముందు చెక్క కొనేసి, తర్వాత లాక్ కోసం వెతుకుతారు. చెక్కలో తొలిచిన గాడి ఒక లాక్ కొలతకే సరిపోతుంది. ఆ లాక్ ఎడమచేతికి దొరకకపోతే చెక్క మూలన పడి ఉంటుంది. కాబట్టి లాక్ చేతికి వచ్చాకే చెక్క కొనాలి. లేదంటే రెండూ ఒకే చోట తీసుకోవాలి.

రెండోది, బారెల్‌కు రంధ్రం ముందే వేశారా అని అడగాలి. కుడివైపు వేసి ఉంటే ఎడమ తుపాకీకి అది పనికిరాదు. మూసేసి మళ్లీ వేసుకోవచ్చని ఎవరైనా చెప్పినా వినొద్దు. పేలుడు ఒత్తిడి తట్టుకోవాల్సిన చోటు అది. హాకెన్ రకంలో అయితే ఇంకో తిరకాసు ఉంది. క్యాప్ పెట్టే నత్తగుల్ల లాంటి భాగం బారెల్ వెనుక ప్లగ్‌తో కలిపి పోత పోసి ఉంటుంది. అది కూడా ఎడమదే కావాలి. ఫొటో చూసి మోసపోవద్దు, ఎడమ రకానికి కూడా కుడి రకం ఫొటోనే పెట్టేవాళ్లున్నారు.

ఇంకో దారి కూడా ఉంది. అండర్‌హ్యామర్ రకంలో సుత్తి కింద, ట్రిగ్గర్ కమాను ముందు ఉంటుంది. పక్కన ఏమీ ఉండదు. కుడి ఎడమ గొడవే లేదు. చూడ్డానికి లాంగ్‌రైఫిల్ అందం రాదు. కానీ కాల్చడమే ముఖ్యం, చరిత్ర తర్వాత అనుకునేవాళ్లకు ఇదే తేలిక.

ఎడమ తుపాకీ అవసరం పుర్రచేతి వాళ్లకే అనుకుంటే పొరపాటు. కుడిచేత్తో అన్నం తిని, కుడిచేత్తో రాసేవాళ్లలోనూ కొందరికి ఎడమ కన్ను బలంగా ఉంటుంది. గురి చూసేది కన్ను కాబట్టి వాళ్లకూ ఎడమ భుజమే కుదురుతుంది. చేయి చాచి బొటనవేలును దూరంగా ఉన్న గోడ గడియారం మీద పెట్టి, ఒక్కో కన్ను మూసి చూడండి. ఏ కన్ను మూస్తే వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుందో అదే మీ బలమైన కన్ను.

ఇవన్నీ ఫోన్‌లో చూసి తేల్చుకోలేని వాళ్లు వెళ్లేది ఇండియానా రాష్ట్రంలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊరికి. 1933 నుంచి ఉన్న నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ అక్కడ జూన్, సెప్టెంబర్ నెలల్లో పోటీలు పెడుతుంది. పక్కనే విడి భాగాలు అమ్మేవాళ్ల దుకాణాలు వరసగా వెలుస్తాయి. అక్కడైతే ఎడమ లాక్‌ను చేత్తో పట్టుకుని, రవ్వలు ఎలా రాలుతున్నాయో చూసి మరీ కొనుక్కోవచ్చు.