బొమ్మ అమ్మారు సరే.. హక్కులు ఎవరివి?

మలక్‌పేట నుంచి మాసబ్‌ట్యాంక్‌కి ఆటో మాట్లాడుకోవడం పెద్ద పనేం కాదు. మూడడుగుల కాన్వాస్‌ని దుప్పట్లో చుట్టి, సగం బయటికి పెట్టి, వాన పడుతుందేమోనని ఆకాశం వంక చూస్తూ వెళ్లాలంటే మాత్రం పెద్ద పనే. మా పక్క గదిలో ఉండే తమ్ముడు నాలుగేళ్లు ఈ పనే చేశాడు. జేఎన్ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్ఏ పెయింటింగ్. నేనేమో ఇంజినీరింగ్ పట్టా పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరుగుతున్న రోజులవి. ఊరి నుంచి వాళ్ల నాన్న ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: ‘పక్కకే దిల్‌సుఖ్‌నగర్ ఉందట గదా, ఒక సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకోరాదురా?’

మీలో చాలామంది ఫైన్ ఆర్ట్స్ చదివి ఉండరు. అయినా ఆగండి. లోగో చేసినా, ఫొటో తీసినా, యాప్‌కి స్క్రీన్లు గీసినా ఇప్పుడు చెప్పబోయే కథ మీకూ ఎదురవుతుంది.

తమ్ముడి మొదటి ప్రదర్శన గ్రూప్ షో. ఆరుగురు కలిసి హాలు అద్దె పంచుకున్నారు. రంగులకంటే ఫ్రేములకే ఎక్కువైంది. మూడు రోజుల్లో ఒక్క బొమ్మా అమ్ముడుపోలేదు. అసలు బాధ అది కాదు. చివరి రోజు ఒక పెద్దాయన ఓ బొమ్మ ముందు చాలాసేపు నిలబడి ‘ఎంత?’ అని అడిగారు. మావాడు తల గోక్కున్నాడు. ‘మీరే చెప్పండి సార్’ అన్నాడు. ఆయన నవ్వేసి వెళ్లిపోయారు.

ఇంటర్వ్యూలో ‘ఎంత ఆశిస్తున్నారు?’ అని అడిగితే మనం నీళ్లు నమిలినట్టే ఇదీ. ధర ముందే రాసుకోవాలి. కొత్తవాళ్లు చాలామంది బొమ్మ కొలతను బట్టి, చదరపు అంగుళానికి ఇంత అని లెక్కేసుకుంటారు. దానికి ఫ్రేము, రవాణా కలుపుకోవాలి. గ్యాలరీ ద్వారా అమ్మితే 30 నుంచి 50 శాతం వరకు కమీషన్ పోతుందని గుర్తుంచుకోవాలి. గ్యాలరీలో ఒక ధర, గదికొచ్చిన వాళ్లకి సగం ధర చెప్పారంటే రెండోసారి ఆ గ్యాలరీ మీ ఫోన్ ఎత్తదు.

ఆ షో అయ్యాక మావాడు నా ల్యాప్‌టాప్ తీసుకుని ఎక్సెల్ షీట్ ఒకటి తెరిచాడు. బొమ్మ పేరు, మాధ్యమం, కొలతలు, ఏడాది, ధర, ఇప్పుడు ఎక్కడుంది. మా ఇంజినీర్లం ప్రాజెక్టుకి రాసే డాక్యుమెంటేషన్‌కన్నా శుభ్రంగా ఉంది, నిజం చెప్పాలంటే.

ఇంతలో అసలు దెబ్బ తగిలింది. చైతన్యపురిలో ఒక దుకాణం గోడ మీద తన బొమ్మే పెద్ద ప్రింటుగా కనపడింది. అడిగితే ‘నెట్‌లో దొరికింది తమ్ముడూ’ అన్నారు. దొరక్క ఏం చేస్తుంది? స్కాన్ చేసిన అసలు ఫైలునే, లాగిన కొద్దీ సాగే సైజులో, డ్రైవ్ లింకు పెట్టి అందరికీ పంచాడు మావాడు. చిన్న లెక్క చెబుతా. మంచి ప్రింటుకి అంగుళానికి 300 చుక్కలు కావాలి. 1080 పిక్సెళ్ల వెడల్పున్న ఫైలు ఆ నాణ్యతతో మూడున్నర అంగుళాలకు మించి రాదు. ఫోన్‌లో చూడ్డానికి అది చాలు. బయట పెట్టాల్సింది అదే. పెద్ద ఫైలు మీ దగ్గరే ఉండాలి, తేదీలతో సహా.

ఆ తేదీలే మమ్మల్ని కాపాడాయి. పెన్సిల్ స్కెచ్‌లు, మధ్యమధ్యలో తీసిన ఫొటోలు, అన్నీ వరసగా పెట్టి మెయిల్ పంపాం. ప్రింటు తీసేశారు. డబ్బులు మాత్రం రాలేదు.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని 1957 నాటి కాపీరైట్ చట్టం చదివాం. కాన్వాస్ అమ్మినంత మాత్రాన కాపీరైట్ అమ్మినట్టు కాదు. హక్కులు ఇవ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఇవ్వాలి. ఆ కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లు అనే లెక్క, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ ఒకరు డబ్బిచ్చి ‘మా అమ్మాయి బొమ్మ వేసిపెట్టు’ అని చెప్పి వేయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ మొదటి హక్కుదారు వాళ్లే! ఉద్యోగంలో భాగంగా గీసినదైతే, ఇక్కడా వేరే ఒప్పందం లేకపోతే, కంపెనీదే. మావాడు అప్పటికే నాలుగు పోర్ట్రెయిట్లు వేసిచ్చాడు, ఒక్క కాగితం లేకుండా. మీ ఆఫర్ లెటర్‌లో ఈ పేరా ఎక్కడుందో ఒకసారి చూసుకోండి.

నాన్న మాటకు మాత్రం తమ్ముడి దగ్గర జవాబు లేదు. నేనే వెతికాను. తోట వైకుంఠం పేరు మీరు విని ఉంటారు. ఎర్రటి బొట్టు, ముదురు రంగు చీరల తెలంగాణ ఆడవాళ్లు.. ఆయన బొమ్మలే. హైదరాబాద్‌లో చదివి, బరోడా వెళ్లి కె.జి.సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకుని వచ్చిన మనిషి, బాలభవన్‌లో పిల్లలకు డ్రాయింగ్ చెప్పారు. 1988 నాటి ‘దాసి’ సినిమాకు కళాదర్శకత్వం చేసి జాతీయ అవార్డు అందుకున్నారు. లక్ష్మాగౌడ్ అయితే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. తెలంగాణ రాష్ట్ర చిహ్నం గీసింది ఏలే లక్ష్మణ్. ఇదంతా చెబితే మావాడు ‘ఉద్యోగం చేస్తే బొమ్మలు ఆగిపోవన్నమాట’ అన్నాడు. ఇప్పుడు పగలు పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నాడు, రాత్రి సొంత కాన్వాస్.

దారులు కూడా ఉన్నాయి, మనకు తెలియదంతే. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు, 18-25 ఏళ్ల వాళ్లకి, నెలకు 5 వేల రూపాయల చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తుంది. కొచ్చి బినాలేతో పాటు విద్యార్థుల కోసమే స్టూడెంట్స్ బినాలే జరుగుతుంది. దరఖాస్తు చేసేముందు షరతులు చివరిదాకా చదవండి. ఎంట్రీ ఫీజు ఎంత, పంపిన బొమ్మ వెనక్కి తెచ్చుకునే ఖర్చు ఎవరిది, దారిలో పాడైతే ఎవరిది బాధ్యత? మావాడి బొమ్మ ఒకటి వేరే ఊరి నుంచి మూల చిరిగి తిరిగొచ్చింది. షరతుల్లో తొమ్మిదో వరసలో ఆ బాధ్యత పంపినవాడిదే అని ఉంది.

రెండో ప్రదర్శన మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో, మళ్లీ గ్రూప్‌గానే. వాళ్ల నాన్న బస్సులో ఎల్బీనగర్ వచ్చారు. నేనే మెట్రో ఎక్కించి, అమీర్‌పేటలో మార్చి తీసుకెళ్లాను. దారంతా ఏం మాట్లాడలేదు. హాల్లో కొడుకు బొమ్మ ముందు నిలబడి, బొమ్మ వదిలేసి పక్కన అతికించిన చిన్న చీటీ చదివారు. పేరు, మాధ్యమం, కొలతలు, ధర. ధర రెండుసార్లు చదివినట్టున్నారు.

‘అన్నీ రాసినవ్ గని, ఊరి పేరు రాయలేదేందిరా?’ అన్నారు.

తమ్ముడు నా జేబులో పెన్ను తీసుకున్నాడు.