కాంటాక్ట్స్ పర్మిషన్: ‘అలో’ నొక్కేది మీరు, వెళ్లేది మీ వాళ్ల నంబర్లు

మాది శ్రీకాకుళం జిల్లా భావనపాడు. సముద్రం ఒడ్డు ఊరు, ఎక్కువ మందికి వేటే బతుకుదెరువు. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే మా మావ ఫోన్ నా చేతిలో పెట్టాడు. "నువ్వు ఫోన్లు చదువుకున్నోడివి కదా, ఇదేటో చూడరా" అన్నాడు. నేను చదివింది కంప్యూటర్ సైన్స్, కానీ ఊళ్లో రెండూ ఒకటే.

వల బాగుచేయించడానికి డబ్బు అవసరమై, వాట్సాప్‌లో వచ్చిన లింక్ నొక్కి ఒక లోన్ యాప్ వేసుకున్నాడు. ఐదు వేలు తీసుకున్నాడు. కట్టడం రెండు రోజులు లేటైంది. అంతే, ‘అప్పు ఎగ్గొట్టిన దొంగ’ అని ఆయన ఫోటోతో మెసేజ్‌లు వెళ్లాయి. ఆయనకి కాదు, ఆయన ఫోన్‌లో నంబర్ ఉన్నవాళ్లకి. మా అమ్మకి, బోటు పనికి గుజరాత్ వెళ్లిన తమ్ముడికి, చేపలు కొనే షావుకారికి. ఏటా నోటి మాట మీద అడ్వాన్స్ ఇచ్చే షావుకారు ఈసారి "చూద్దాంలే" అన్నాడట. మావకి ఆ మాటే ఎక్కువ తగిలింది.

ఇది కొత్త కథేం కాదు. 2020 చివర్లో తెలంగాణలో ఇలాంటి వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు అరెస్టులు కూడా చేశారు. 2022 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్, లోన్ యాప్‌లు కాంటాక్ట్ లిస్ట్, కాల్ లాగ్స్, ఫైల్స్ ముట్టుకోకూడదని చెప్పింది. 2023 మే 31 నుంచి గూగుల్ ప్లే కూడా పర్సనల్ లోన్ యాప్‌లకి కాంటాక్ట్స్, ఫోటోల యాక్సెస్ ఆపేసింది. కానీ లింక్‌లో వచ్చే ఏపీకే ఫైల్‌కి ప్లే స్టోర్ రూల్ ఎక్కడ వర్తిస్తుంది?

ఆండ్రాయిడ్‌లో గమనించారా, కెమెరా, లొకేషన్ అడిగినప్పుడు ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అనే ఆప్షన్ వస్తుంది. కాంటాక్ట్స్‌కి అది లేదు. ఇస్తే మొత్తం లిస్ట్, లేదా ఏమీ లేదు. పైగా చదవడం, మార్చడం రెండూ ఒకే పాపప్ కింద ఉంటాయి. యాప్ మూసేసినా బ్యాక్‌గ్రౌండ్‌లో చదవగలదు. నిజానికి ఒక్క నంబరే కావాల్సిన యాప్ కాంటాక్ట్ పికర్ వాడొచ్చు, దానికి ఈ పర్మిషనే అక్కర్లేదు. డెవలపర్‌గా చెప్తున్నా, చాలాసార్లు మొత్తం లిస్ట్ అడగడం అవసరం కాదు, అత్యాశ.

చెక్ చేయాలంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో పర్మిషన్ మేనేజర్, అందులో కాంటాక్ట్స్ (కంపెనీని బట్టి పేర్లు కాస్త మారతాయి, సెట్టింగ్స్ సెర్చ్‌లో ‘పర్మిషన్’ అని కొట్టండి). ఐఫోన్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో కాంటాక్ట్స్. 2024లో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి మీరు ఎంచుకున్న కాంటాక్ట్స్ మాత్రమే ఇవ్వొచ్చు. ఈ విషయంలో ఆపిల్‌కి మార్కులు వేయాల్సిందే.

అసలు చిక్కు ఇక్కడ ఉంది. స్విచ్ ఆఫ్ చేస్తే ఇకపై చదవలేదు, అంతే. ముందే సర్వర్‌కి వెళ్లిన కాపీ అక్కడే ఉంటుంది. యాప్ డిలీట్ చేసినా అంతే. టెలిగ్రామ్ లాంటి వాటిలో సింక్ అయిన కాంటాక్ట్స్ డిలీట్ చేసే ఆప్షన్ ఉంది, ముందు అది వాడి తర్వాత పర్మిషన్ తీసేయండి. దొంగ యాప్‌లో అలాంటి బటన్ ఉండదు కదా. మావ విషయంలో మిగిలింది, మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు దాచి 1930కి ఫోన్ చేసి కంప్లయింట్ ఇవ్వడమే. ఇచ్చాం. షావుకారి దగ్గరకి కూడా నేనే వెళ్లి, జరిగింది చెప్పి మెసేజ్‌లు చూపించాను.

ఆ రోజు మావ ఫోన్‌లో కాంటాక్ట్స్ పర్మిషన్ ఉన్న యాప్‌లు పదకొండు. అందులో ఒకటి టార్చ్‌లైట్. "వాట్సాప్‌ది కూడా తీసెయ్యరా" అన్నాడు కోపంగా. తీస్తే పేర్ల బదులు నంబర్లే కనిపిస్తాయని చూపించాను. కాసేపు చూసి, "అది ఉంచులే" అన్నాడు.