బోరు ఒకటే, దెబ్బ మాత్రం కూలి మనిషికే ఎక్కువ

మీ బోరు ఎన్ని అడుగులో, ఎన్ని అంగుళాల నీళ్లు పోస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చెప్పగలరా?

కంబదూరు వైపు భూమి కింద ఉన్నదంతా గట్టి రాయి. నీళ్లు ఆ రాతి సందుల్లో ఏళ్ల తరబడి నిలిచి ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటాయి. కరువు ముదిరి బోరు లోతుకు పోయేకొద్దీ చాలాచోట్ల అది పెరుగుతుంది.

లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. రోజుకు రెండు లీటర్లు తాగే మనిషిని చూసి కట్టిన లెక్క అది. నీడపట్టున కూర్చునే ఆయన ఒంట్లోకి 3 మిల్లీగ్రాములు పోతాయి. ఎండలో శెనక్కాయ చేను కలుపు తీసే ఆడమనిషి ఐదు లీటర్లు తాగితే 7.5 పోతాయి. నీళ్లు అవే! పైగా డబ్బున్న ఇంట్లో క్యాను నీళ్లు, పాలు, పెరుగు ఉంటాయి. లేని ఇంట్లో గేదె పాలు డెయిరీకి పోతాయి, పిల్లలకు మజ్జిగ కూడా మిగలదు. సున్నం చాలని బొమికలను ఫ్లోరైడ్ తొందరగా పట్టుకుంటుంది.

1990ల్లో వచ్చిన సత్యసాయి పథకం మన జిల్లాలో వందల పల్లెలకు మంచినీళ్లు తెచ్చింది. అయితే కొళాయి ఊళ్లో, కూలి మనిషి చేలో.

ఈ జబ్బును మన దేశంలో మొదట 1937లో నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు రాసిపెట్టారు. వాళ్లకంటే ముందు పసిగట్టింది రైతులే. కీళ్లు బిగిసి ఎద్దులు కాడి కింద నడవలేకపోయాయట. మనుషుల్లోనూ అంతే. నడుము పట్టేస్తే వాతమనుకుని సూది వేయించుకుని మళ్లీ పనికి పోతారు. కల్యాణదుర్గం ఆసుపత్రికి పోవాలంటే బస్సు చార్జీతో పాటు ఆ రోజు కూలీ పోతుంది కదా! మెడ తిరగని స్థితికి వచ్చాక దాన్ని వెనక్కి తెచ్చే మందు లేదు.

కాచి తాగితే పోతుందనుకోవద్దు. నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. సీసాడు నీళ్లు గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుకు పంపి పరీక్ష చేయించండి. ఎక్కువుంటే ఆ బోరు పైరుకు, బట్టలకు వాడుకోండి, తాగడానికి వద్దు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు మొదట మంచినీళ్లు పెట్టండి. పండ్ల మీద గార ఒకసారి పడితే తోమినా పోదు. ఒక పూట పాలు ఇంట్లో ఉంచుకోండి. రాగి సంగటి, మునగాకు, చింతపండు చారు మానవద్దు.

కూలీలను పిలిచే రోజు చేనికి రెండు కడవలు కొళాయి నీళ్లు తీసుకుపోండి. బండి మీద ఎరువు బస్తా పోతోంది కదా, దాని పక్కనే.