పాతది మొత్తం పోతది గదా?

సూరత్‌లో లింబాయత్, ఉధనా వైపు సందుల్లో నడిస్తే సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య తెలుగు మాటలు వినిపిస్తాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఇక్కడే ఉన్నాయి. నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. అలాంటి బడిలో చదివే కొడుకు కోసం మా పక్కింటాయన ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నాడు. సాంచాల మీద పన్నెండు గంటలు నిలబడి సంపాదించిన డబ్బు అది. సీపీయూ డబ్బాను తెచ్చి నా బల్ల మీద పెట్టి, "అన్నా, మాటిమాటికి ఆగిపోతుంది. జర కొత్తగ ఎక్కించియ్యి. పాతది మొత్తం పోతది గదా?" అని అడిగాడు.

అమ్మినవాడు అప్పటికే ఫార్మాట్ కొట్టి, విండోస్ మళ్లీ వేసి ఇచ్చాడు. తెర మీద ఒక్క ఫైలు లేదు, రీసైకిల్ బిన్ ఖాళీ. అయినా ఆయన ప్రశ్నకు జవాబు చూపిద్దామని పెన్‌డ్రైవ్‌తో లినక్స్ లేపి, చెరిపేసిన ఫైళ్లను వెతికే ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం నడిపాను. అరగంట కాకముందే వరస కట్టాయి: చీరల ఫొటోలు, గుజరాతీలో బిల్లులు, ఎవరివో పాన్ కార్డుల స్కాన్లు, ఒక పసిపాప పుట్టినరోజు బొమ్మలు. అవి మేం చూడాల్సినవి కావు. అక్కడితో ఆపేశాను. పక్కింటాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రేపు నేను అమ్మితే నా పిలగానియి గూడ గిట్లనే కనవడతయా?" అన్నాడు.

కనబడతాయి. ఎందుకో తెలియాలంటే ఆ డబ్బాలోని హార్డ్ డిస్క్ అనేది ఎక్కడ పుట్టిందో చూడాలి. ఆ కథ మగ్గం దగ్గరే మొదలవుతుంది.

జకార్డు మగ్గం మీద పనిచేసినవాళ్లకు అట్టలు తెలుసు. అట్టలో రంధ్రం ఉన్నచోట పడుగు దారం లేస్తుంది, లేనిచోట లేవదు. నేతగాడి తలలో ఉన్న పువ్వును అట్టల దండ గుర్తుపెట్టుకుంటుంది. ఫ్రాన్స్‌లో 19వ శతాబ్దం మొదట్లో జకార్డు స్థిరపరిచిన ఈ పద్ధతిలాగే, అమెరికాలో హెర్మన్ హోలరిత్ 1890 జనాభా లెక్కలకు రంధ్రాల కార్డులు వాడాడు. ఆయన పెట్టిన కంపెనీ మరికొన్నింటితో కలిసి చివరికి ఐబీఎం అయింది. అర్ధ శతాబ్దం పాటు పెద్ద వ్యాపారాల లెక్కలు ఎక్కువగా కార్డుల్లోనే నడిచాయి. కానీ అట్టకు ఒక ఇబ్బంది ఉంది. ఒకసారి పడిన రంధ్రం పూడదు. గోదాములో సరుకు నిల్వ మారితే కార్డు పారేసి ఇంకోటి కొట్టాలి, వేల కార్డుల్లోంచి సరైనదాన్ని చేత్తో వెతకాలి.

ఆ బాధ తీర్చడానికే కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఐబీఎంకు చెందిన రెనాల్డ్ జాన్సన్ బృందం కూర్చుంది. అయస్కాంత పూత పూసిన పళ్లెం గిర్రున తిరుగుతుంటే, కావలసినచోట రాసి, చదివి, దాని మీదే మళ్లీ రాయాలి. పూత సమంగా పరుచుకోవడమే పెద్ద చిక్కయింది. ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగును ఆడవాళ్ల సన్నని మేజోడు గుడ్డలో వడగట్టి, కాగితపు కప్పుతో తిరిగే పళ్లెం నడుమ పోశారు. పళ్లెం తిరిగే వేగానికి రంగు అంచుదాకా పలచగా పరుచుకుంది. బట్టల ఊళ్లో బతికే నాకు, హార్డ్ డిస్క్ పుట్టుకలో ఒక సన్నని గుడ్డ ఉందన్న సంగతి ఎప్పుడు తలచుకున్నా సంతోషం వేస్తుంది.

1956 సెప్టెంబరులో ఆ డిస్కుతో రామాక్ అనే యంత్రం బయటికొచ్చింది. 24 అంగుళాల పళ్లేలు 50, నిమిషానికి 1200 చుట్లు, దాదాపు టన్ను బరువు, నెలకు 3,200 డాలర్ల అద్దె. అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు, ఇవాళ ఫోన్‌తో తీసే ఒక్క ఫొటోకు సరిపోయేంత. చదరపు అంగుళానికి 2,000 బిట్లు. తర్వాత అది చిక్కిపోతూ వచ్చింది. 1973లో ఐబీఎం వించెస్టర్ పళ్లేలనూ, వాటి మీద రాసి చదివే హెడ్లనూ ఒకే మూసిన డబ్బాలో పెట్టింది. 1980లో సీగేట్ 5 ఎంబీ డిస్కును బల్ల మీది కంప్యూటర్‌లో పట్టేంత చిన్నగా చేసింది. 1988లో ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బర్గ్ విడివిడిగా కనుక్కున్న అయస్కాంత ధర్మం హెడ్లను అతి సున్నితంగా మార్చింది. దానికే 2007లో నోబెల్ వచ్చింది.

నా దగ్గర చచ్చిపోయిన డిస్కు ఒకటి ఉంది. నక్షత్రం ఆకారపు మరలు విప్పి పక్కింటి పిల్లవాడికి చూపించాను. లోపలి పళ్లెం అద్దంలా ఉంటుంది, వాడు ముందు తన మొహమే చూసుకున్నాడు. ఆ మెరుపు మీద రెండు మూడు నానోమీటర్ల మందాన వజ్రం లాంటి కార్బన్ పొర ఉంటుంది, హెడ్ తగిలినా గీత పడకుండా. వరాఛా వైపు వజ్రాలు సానబట్టే ఈ సూరత్‌లో ఈ మాట చెబితే పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కు అంచు గంటకు దాదాపు 130 కిలోమీటర్ల వేగంతో పోతుంది. దాని మీద హెడ్ కొన్ని నానోమీటర్ల ఎత్తున గాలిలో తేలుతుంది. మన తలవెంట్రుక మందం సుమారు 70 వేల నానోమీటర్లు.

ఇక చెరపడం సంగతి. డిస్కులో ఫైలు ఒకచోట ఉంటుంది, అది ఎక్కడుందో చెప్పే పట్టీ ఇంకోచోట ఉంటుంది. మనం డిలీట్ కొడితే పట్టీలో "ఈ జాగా ఖాళీ" అని మాత్రమే పడుతుంది. పహాణీలో పేరు కొట్టేస్తే చేలో పంట మాయం కాదు గదా, అలాగే. క్విక్ ఫార్మాట్ అంటే పహాణీ పుస్తకం మొత్తం మార్చి తెల్ల పుస్తకం పెట్టడం. విండోస్ వేసేటప్పుడు వచ్చే ఫార్మాట్ బటన్ చేసేది ఇదే. ఆ తర్వాత 500 జీబీ డిస్కులో విండోస్ ఏ 20, 30 జీబీలో కూర్చుంటుంది. మిగిలిన జాగాలో పాత యజమాని జీవితం కదలకుండా ఉంటుంది. డెస్క్‌టాప్ మీద కొత్త బొమ్మ కనిపించగానే అంతా కొత్తదైందని నమ్మేవాళ్లలో కంప్యూటర్ చదువు చదివినవాళ్లూ ఉన్నారు.

2000 నవంబరు నుంచి 2002 ఆగస్టు దాకా సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే ఇద్దరు ఎంఐటీ విద్యార్థులు 158 పాత డిస్కులు కొన్నారు. పనిచేసినవి 129. వాటిలో సరిగా తుడిచినవి 12 మాత్రమే. 5,000కు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి. ఒక డిస్కు ఏటీఎంలోంచి వచ్చింది. వాళ్లు 2003లో ఇది ప్రచురించాక కూడా అలవాటు పెద్దగా మారలేదనడానికి నా బల్ల మీది డబ్బానే సాక్ష్యం.

నిజంగా తుడవాలంటే ప్రతి గడిలోనూ వేరేది రాయాలి. ఎన్నిసార్లు? ఈ ప్రశ్న చుట్టూ ఒక పెద్ద భయం పెరిగింది. 1996లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో పీటర్ గుట్‌మన్ 35 సార్లు రాసే పద్ధతిని ప్రతిపాదించాడు. అప్పటి డిస్కుల్లో రకరకాల రాత పద్ధతులు ఉండేవి, అన్నింటికీ కలిపి వేసిన లెక్క అది. ఏదో ఒక డిస్కుకు అన్నీ అవసరం లేదు. జనం దాన్ని దయ్యాన్ని తోలే మంత్రంలా వాడుతున్నారని తర్వాత ఆయనే రాశాడు. ఇప్పుడు చదరపు అంగుళంలో వేల కోట్ల బిట్లు ఇరుక్కుని ఉన్నాయి. ఒక్కసారి పైన రాశాక కింది రాతను చదివేంత జాగా మిగలదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2006లోనే 2001 తర్వాతి డిస్కులకు ఒకసారి పూర్తిగా రాస్తే చాలని చెప్పింది. 35 సార్లంటే రోజులు పడుతుందని భయపడి అసలు తుడవకుండా అమ్మేయడం కంటే, ఒక్కసారి సున్నాలు నింపడం వెయ్యి రెట్లు మేలు. విండోస్ విస్టా నుంచి క్విక్ అన్న టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ పెడితే ఆ భాగమంతా సున్నాలే రాస్తుంది.

పక్కింటాయన డబ్బా దగ్గరికొస్తే, ముందు డిస్కు ఆరోగ్యం చూశాను. పాడైన గడులు లేవు. ఉంటే డిస్కు వాటిని తనంతట తాను పక్కన పెట్టేస్తుంది, మనం రాసేది అక్కడికి చేరదు. అలాంటప్పుడు డిస్కు లోపలే ఉండే ఎన్‌హాన్స్‌డ్ సెక్యూర్ ఎరేజ్ ఆదేశం ఇవ్వాలి. తర్వాత సున్నాలు రాయమన్నాను. సెకనుకు సుమారు 100 ఎంబీ చొప్పున 500 జీబీకి గంటన్నర. లోపలి చుట్లకు వచ్చేకొద్దీ వేగం తగ్గుతుంది కాబట్టి రెండు గంటలనుకోవచ్చు. ఫైళ్లు వెతికేటప్పుడు టక్కుటక్కుమన్న హెడ్, ఇప్పుడు అంచు నుంచి మధ్యకు ఒకే వరసలో జరుగుతూ చప్పుడు చేయడం మానేసింది. పక్కింటాయన డబ్బాకు చెవి ఆనించి విన్నాడు. సాంచా ఆడుతుంటే ఎక్కడ దారం తెగిందో చప్పుడుతో పసిగట్టే చెవులవి. "మంచిగ నడుస్తుంది" అన్నాడు.

ఈ డబ్బాలో ఎస్ఎస్‌డీ ఉంటే ఇలా చేసేవాణ్ణి కాదు. అందులో తిరిగే పళ్లెం లేదు. చిప్‌లోని గడులు త్వరగా అరిగిపోకుండా అది రాతను ప్రతిసారీ వేరే చోటికి మళ్లిస్తుంది, పాత ప్రతి ఎక్కడో ఉండిపోవచ్చు. 2011లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ సంగతి పరీక్షించి చూపారు. ఎస్ఎస్‌డీకి దాని సొంత తుడుపు ఆదేశమే మార్గం. కొన్నరోజే బిట్‌లాకర్ లాంటి తాళం వేసుకుని ఉంటే ఇంకా మేలు, అమ్మేరోజు తాళంచెవిని నాశనం చేస్తే మిగిలినదాన్ని ఎవరూ చదవలేరు. తిరిగే డిస్కునైతే పెద్ద అయస్కాంత యంత్రంలో పెట్టడం, దేన్నైనా ముక్కలు చేయడం కూడా ఉన్నాయి. కానీ ఆ తర్వాత డిస్కు ఎవరికీ పనికిరాదు, ఒక పిల్లవాడి చదువుకు అసలే పనికిరాదు.

తుడుపు అయ్యాక ఫొటోరెక్ మళ్లీ నడిపాను. ఒక్క ఫైలు దొరకలేదు. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఈ పాత మదర్‌బోర్డులో లేదు. అందుకని లినక్స్ వేశాను. తెలుగు కీబోర్డు కూడా పెట్టాను. పాన్ కార్డుల స్కాన్లు మోసిన పళ్లెం మీద ఇరవై నిమిషాల్లో కొత్త సంసారం కుదురుకుంది.

పిల్లవాణ్ణి ఏదైనా టైపు చేయమంటే, కాసేపు అక్షరాలు వెతుక్కుని, "మగ్గం" అని కొట్టి ఎంటర్ నొక్కాడు. ఆ ఫైలు డిస్కు మీద కూర్చున్న గడిని అంకెల రూపంలో తెరిచి వాడికి చూపించాను. 224, 176, 174 అంటే మ. తర్వాతి మూడు గ. మధ్యలో పొల్లుకు మూడు, మళ్లీ గకు మూడు, సున్నకు మూడు. ఎంటర్ నొక్కినందుకు ఒక 10. మొత్తం పదహారు. వాడు వేలుతో తెర మీద లెక్కబెట్టాడు. ఆ తర్వాత గడి చివరిదాకా సున్నాలే ఉన్నాయి.