వైఫై నాలుగు గడపలు

బావిలో చేద వేసి లాగినవానికి నీరు రాలేదనుకొందము. కారణమేమి? చేదకు చిల్లు పడియుండవచ్చును. త్రాడు తెగియుండవచ్చును. గిలక పట్టివేయుటచే చేద నీటివరకు దిగకపోయి యుండవచ్చును. లేదా బావియే ఎండియుండవచ్చును. వివేకి యగువాడు ముందుగా చేదను చూచును. పిదప త్రాడును, గిలకను చూచును. ఆ తరువాతనే బావిలోనికి తొంగి చూచును. తొందరపాటు గలవాడు మాత్రము బావి ఎండినదని కేకవేసి, క్రొత్త బావి త్రవ్వుటకై గడ్డపార తెచ్చును. ఇంటిలో యంత్రములు మొరాయించినప్పుడును మనుష్యులు ఈ రెండు తెగలుగానే కనబడుచుందురు.

గోదావరి తీరమున ఒక పల్లెలోని ఇంటి సంగతి ఇది. ఆ ఇంటి యజమాని కువైటులో పని చేయుచుండెను. ప్రతిదినము రాత్రి ఎనిమిది గంటలకు ఫోనులో భార్యాబిడ్డలను చూచి మాటలాడుట ఆయనకు వాడుక. ఆ పల్లెలో మొబైలు సిగ్నలు బలహీనమగుటచే ఇంటి వైఫైయే వారికి ఆధారము. ఒకనాటి సాయంకాలము ఏడు గంటలకు తల్లి ఫోను వైఫైతో కలియలేదు. కళాశాలలో చదువుచున్న కుమారుడు తన ఫోనును చూచుకొనెను. అది చక్కగా పని చేయుచుండెను. "అమ్మా! నీ ఫోను పాతది, చెడిపోయినది. మొత్తము రీసెట్ చేసెదను" అని అతడు ఫోను చేతిలోనికి తీసుకొనెను.

ఎనిమిదవ తరగతి చదువుచున్న చెల్లెలు అతని చేయి పట్టుకొనెను. "ఆగు అన్నయ్యా! అందులో తాతయ్య పాడిన పద్యములున్నవి" అనెను. తాతగారు గతించి అప్పటికి సంవత్సరమైనది. ఆయన కంఠము ఆ ఫోనులో తప్ప మరెక్కడను లేదు. రీసెట్ చేసినచో ఫోనులో నిలువయున్న చిత్రములు, ధ్వనులు, వ్రాతలు అన్నియు తుడిచిపెట్టుకొని పోవును. తల్లి ఇద్దరిని చూచి, "ముందు తప్పెక్కడున్నదో చూడండి నాయనా! మందు తరువాత వేయవచ్చును" అనెను.

తప్పెక్కడున్నదో తెలియవలెనన్నచో వైఫై యొక్క స్వరూపము కొంత తెలియవలెను. వైఫై యనగా రేడియో తరంగముల ద్వారా యంత్రములు పరస్పరము సమాచారము నందించుకొను పద్ధతి. విద్యుదయస్కాంత తరంగములు ఉండితీరవలెనని మాక్స్‌వెల్ 1865లో ప్రకటించిన సిద్ధాంతమున గణితముచే చూపెను. ఇరువది సంవత్సరములు దాటిన పిదప జర్మనీలో హెర్ట్జ్ వానిని ప్రయోగశాలలో పుట్టించెను. ఆ శతాబ్దపు చివరి దశకమున కలకత్తాలో జగదీశ చంద్ర బోసు కొన్ని మిల్లీమీటర్ల పొడవు మాత్రమే గల తరంగములను పుట్టించి, అవి గోడను దాటి ఆవల నున్న గంటను మ్రోగింపగలవని ప్రదర్శించెను. 1971లో హవాయి విశ్వవిద్యాలయమువారు సముద్రముచే వేరుపడిన దీవులలోని కంప్యూటరు కేంద్రములను రేడియో ద్వారా కలిపిరి. 1997లో తీగలేని కంప్యూటరు అనుసంధానమునకు ఒక ప్రమాణము ఏర్పడెను. 1999లో దానికి వైఫై అను పేరు ప్రచారములోనికి వచ్చెను. మన దేశమున 2.4 గిగాహెర్ట్జ్ తరంగములను అల్పశక్తితో లైసెన్సు లేకయే వాడుకొనుటకు 2005లో అనుమతి లభించెను.

ఇంటిలోనికి సమాచారము సాధారణముగా సన్నని గాజుతీగ, అనగా ఫైబరు తీగ, ద్వారా వెలుగు రూపమున వచ్చును. ఆ వెలుగును విద్యుత్ సంకేతములుగా మార్చి, వానిని రేడియో తరంగములపై ఎక్కించి ఇల్లంతయు వెదజల్లు యంత్రమే రౌటరు. ఫోను ఆ తరంగములను అందుకొని, తన జవాబును అదే మార్గమున పంపును. ఈ ప్రయాణములో ఫోను నాలుగు గడపలను దాటవలెను. ఏ గడపవద్ద ఆగిపోయినదో కనిపెట్టినచో పని సగము పూర్తియైనట్లే.

మొదటి గడప పేరు కనబడుట. రౌటరు తన పేరును సెకనుకు ఇంచుమించు పదిమార్లు ప్రకటించుచుండును. పెరుగమ్మునామె వీధిలో కేకవేయుచు పోవునట్లు, "నేనిక్కడ నున్నాను" అని అది నిరంతరము చాటుచుండును. ఫోను ఆ కేకలను ఆలకించి, వినబడిన పేర్లన్నిటిని ఒక పట్టికగా చూపును. ఆ పట్టికలో ఇంటి పేరు లేనిచో పాస్‌వర్డు గూర్చి విచారించుట వృథా. ఫోనులో వైఫై మీట వేసియున్నదా, విమానప్రయాణపు మీట పొరపాటున నొక్కబడినదా, రౌటరునకు కరెంటున్నదా అని ముందుగా చూడవలెను.

తరువాత దూరమును, అడ్డులను చూడవలెను. ఇనుప బీరువా, పెద్ద అద్దము, నీటి తొట్టి, కమ్మీలతో పోసిన కాంక్రీటు గోడ ఈ తరంగములను మిక్కిలి క్షీణింపజేయును. బీరువా వెనుక దాచిన రౌటరు, కుండలో పెట్టిన దీపము వంటిది. ఫోనును రౌటరు దగ్గరకు తీసికొని పోయి చూచినచో ఈ సందేహము ఒక్క నిమిషములో తీరును.

ఈ గడపవద్దనే మరియొక చిక్కు కలదు. ఇంటి రౌటర్లు ప్రధానముగా రెండు శ్రేణుల తరంగములను వాడును. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్ శ్రేణి. దీని తరంగము సెకనుకు 240 కోట్ల మార్లు కంపించును. పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. రెండవది 5 గిగాహెర్ట్జ్ శ్రేణి. దీని తరంగపు పొడవు సుమారు 6 సెంటీమీటర్లు. మొదటిది గోడలను మేలుగా దాటి దూరము పోవును. కాని ఇరుగుపొరుగు రౌటర్లును, మైక్రోవేవ్ పొయ్యియు ఆ ప్రాంతముననే సందడి చేయుచుండును. రెండవది వేగము గలది. కాని గోడలవద్ద త్వరగా అలసిపోవును. పాత ఫోనులలో అనేకము మొదటి శ్రేణిని మాత్రమే వినగలవు. కొన్ని రౌటర్లు రెండవ శ్రేణి పేరు చివర '5జి' అని చూపును. అది మొబైలు ఫోనులకు సంబంధించిన ఐదవ తరము కాదు; 5 గిగాహెర్ట్జ్ అనుటకు గుర్తు మాత్రమే.

రెండవ గడప లోనికి అనుమతి. పేరు కనబడినను పాస్‌వర్డు సరిపోనిదే తలుపు తెరువబడదు. ఇచట ఒక వింత కలదు. నేటి వైఫైలో ఫోను పాస్‌వర్డును గాలిలో ఎన్నడును పలుకదు. పలికినచో ప్రక్కింటివారు వినవచ్చును గదా! రౌటరు ఒక సంఖ్యను పంపును. ఫోను మరియొక సంఖ్యను పంపును. ఇరువురును తమకు తెలిసిన పాస్‌వర్డును ఆ సంఖ్యలతో కలిపి లెక్క కట్టుదురు. రెండు లెక్కలును సరిపోయిన యెడల తలుపు తెరుచుకొనును. కనుక పాస్‌వర్డులో ఒక్క అక్షరము భేదించినను లెక్క మొత్తము తప్పును. ఇంగ్లీషు పెద్ద అక్షరమునకు బదులు చిన్న అక్షరము పెట్టినను, సున్నకు బదులు 'ఓ' అక్షరము పెట్టినను అనుమతి లభింపదు.

రౌటరులో పాస్‌వర్డు మార్చిన పిదప ఫోను పాతదానినే జ్ఞాపకముంచుకొని మరల మరల తలుపు తట్టుచుండుట కూడ కలదు. అట్టి సందర్భమున ఆ పేరుపై నొక్కి, 'ఫర్గెట్' అను మీటచే పాత జ్ఞాపకమును తొలగించి, క్రొత్త పాస్‌వర్డును నెమ్మదిగా వ్రాయవలెను. కొందరు తమ రౌటరులో కొన్ని ఫోనులకు మాత్రమే ప్రవేశముండునట్లు జాబితా వ్రాసియుంతురు. ఆ జాబితాలో లేని ఫోనునకు పాస్‌వర్డు తెలిసినను ప్రవేశము లేదు.

మూడవ గడప చిరునామా. లోనికి వచ్చిన ప్రతి యంత్రమునకును రౌటరు ఒక సంఖ్యారూపమగు చిరునామాను కొంతకాలమునకు అద్దెకిచ్చినట్లు ఇచ్చును. ఇండ్లలో ఇది తరచుగా 192.168 అను అంకెలతో మొదలగును. చిరునామా లేని ఇంటికి ఉత్తరము చేరనట్లే, చిరునామా లేని ఫోనునకు సమాచారము చేరదు. ఫోను చాలసేపు 'చిరునామా పొందుచున్నది' అని చూపి ఆగిపోయినచో తప్పు ఇచట నున్నదని గ్రహింపవలెను. పెండ్లి ఇంట విస్తళ్లు లెక్కకు తక్కువైనచో వెనుక వచ్చిన బంధువులు నిలుచుండవలసి వచ్చును. అట్లే చుట్టముల ఫోనులెల్ల వచ్చి చేరినప్పుడు రౌటరువద్ద చిరునామాలు చాలకపోవచ్చును. రౌటరును ఆర్పి, అరనిమిషము తాళి, మరల వెలిగించినచో ఈ చిక్కు తరచుగా విడిపోవును.

నాల్గవ గడప వెలుపలి లోకము. ఫోను 'కలిసినది, కాని ఇంటర్నెట్ లేదు' అని చెప్పినచో మొదటి మూడు గడపలు దాటినట్లే. ఇక ఇంటిలోని ఇతర ఫోనులను చూడవలెను. అన్నిటికిని ఇదే గతియైనచో ఫోనును నిందించుట అన్యాయము; తప్పు రౌటరుకడనో, దాని వెలుపలనో కలదు. ఫైబరు రౌటరుపై 'ఎల్.ఓ.ఎస్.' అను అక్షరములవద్ద ఎర్రని దీపము వెలుగుచున్నచో గాజుతీగ నుండి వెలుగు అందుటలేదని అర్థము. తీగ ఎక్కడనో తెగియుండవచ్చును, లేక మిక్కిలి వంగియుండవచ్చును. అప్పుడు సేవ నందించు సంస్థకు తెలుపుటయే మార్గము. తీగను ఊడబెరికి దాని కొనలోనికి కన్నుపెట్టి చూడరాదు. అందులోని వెలుగు కంటికి కనబడనిదైనను కంటికి హాని చేయవచ్చును.

ఒక్క ఫోనుకే ఈ చిక్కు వచ్చినచో దాని గడియారమును చూడవలెను. ఫోను తేదీ సంవత్సరములు వెనుకబడియున్నచో, భద్రతగల వెబ్‌సైట్లు చూపు ధ్రువపత్రములను అది నమ్మదు, పుటలు తెరువబడవు. తేదీని సరిదిద్దినంతనే అవి తెరువబడును.

ఇచట రెండు మాటల భేదమును గుర్తింపవలెను. రీస్టార్ట్ అనగా ఆర్పి వెలిగించుట; దానివలన దాచుకొన్నవి పోవు. ఫ్యాక్టరీ రీసెట్ అనగా యంత్రమును అమ్మకమునకు వచ్చిన నాటి స్థితికి తెచ్చుట. దానివలన దాచుకొన్న వన్నియు పోవును. రౌటరు వెనుకనున్న చిన్న రంధ్రములో పిన్నీసు గ్రుచ్చి నొక్కినను ఇట్లే దాని సెట్టింగులు చెరిగిపోయి, ఒక్క ఫోను బాధ ఇల్లంతటి బాధ యగును. ఫోనులో 'నెట్‌వర్కు సెట్టింగుల రీసెట్' అని మరియొకటి కలదు. అది జ్ఞాపకములోని వైఫై పాస్‌వర్డులను చెరిపివేయును గాని చిత్రములను ముట్టదు. మీట నొక్కుటకు ముందు ఇది ఏ రీసెట్ అని రెండుమార్లు చదువుట మంచిది.

ఇక పల్లెలోని ఆ ఇంటికి వత్తము. చెల్లెలు తల్లి ఫోనును రౌటరు ప్రక్కనే పెట్టి పట్టికను చూచెను. ప్రక్కింటివారి పేరు కనబడినది. తమ ఇంటి పేరు కనబడలేదు. ఫోను వినగలుగుచున్నది, కాని తమ రౌటరు కేక మాత్రము దానికి వినబడుటలేదు. కనుక తప్పు మొదటి గడపవద్దనే ఉన్నది. అన్న ఫోనులో ఆ పేరు చివర '5జి' అని ఉండుటను ఆమె గమనించెను. "అన్నయ్యా! నిన్న కలిసిన ఫోను నేడు కలియుటలేదు. నిన్నటికిని నేటికిని మధ్య ఏమి మారినది?" అని అడిగెను.

అన్న కొంతసేపు మాటలాడలేదు. ముందటి రాత్రి తన ఆట వేగముగా సాగవలెనని అతడు రౌటరు సెట్టింగులలోనికి పోయి, నెమ్మదిగా నడచు 2.4 శ్రేణి ఎందులకని దానిని ఆపివేసెను. అతని క్రొత్త ఫోను 5 గిగాహెర్ట్జ్‌తో సుఖముగా నుండెను. తల్లి పాత ఫోనునకు మాత్రము ఇంటి గొంతే వినబడక పోయెను. ఫోనును ఎన్నిమార్లు రీసెట్ చేసినను ఆ పేరు కనబడియుండెడిది కాదు; తాతగారి పద్యములు మాత్రము పోయియుండెడివి.

అతడు ఆపివేసిన శ్రేణిని మరల తెరిచెను. క్షణములో ఇంటి పేరు పట్టికలో కనబడెను. ఎనిమిది గంటలకు కువైటు నుండి తండ్రి పిలుపు వచ్చెను. మాటలు ముగిసిన పిదప అన్న ఎవరును చెప్పకయే తల్లి ఫోనులోని ధ్వనులన్నిటిని తన కంప్యూటరులోనికి ఒక ప్రతి, చిన్న మెమొరీ కార్డులోనికి మరియొక ప్రతి చేసెను.

తప్పును వెదకువాడు తనకు దగ్గరగా నున్నదానితో మొదలుపెట్టి ఒక్కొక్క గడపనే పరీక్షింపవలెను. ఒకేసారి నాలుగు మార్పులు చేసినచో దేనివలన బాగుపడినదో తెలియదు. ఏది క్రొత్తగా మారినదో అడుగుటకును, మార్చినది తానే యైనచో ఒప్పుకొనుటకును సంకోచింపరాదు. తిరిగి రానిదానిని చెరిపివేయు పనిని అన్నిటికంటె చివరకు ఉంచవలెను. చేదను చూడక బావిని నిందించినవానికి గడ్డపార శ్రమయే మిగులును. చేదను చూచినవానికి నీరు దొరకును.